బెంగకు కొలత

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవారికి అర్ధరాత్రి తలుపు చప్పుడంటే భయం ఉండదు. అది కాల్‌బాయ్ వచ్చిన చప్పుడు. చేతిలో లాంతరు, చంకలో కాల్‌బుక్కు. ఫలానా బండికి ఫలానా వేళకు డ్యూటీ అని అతడు చెప్పేవాడు. నాన్నగారు నిద్రకళ్ళతోనే ఆ పుస్తకంలో సంతకం చేసేవారు. అప్పటికే అమ్మ లేచి పొయ్యి రాజేసేది. తరువాత ఆయన ఇనుపపెట్టెను బాక్స్‌బాయ్ తలకెత్తుకుని ముందు నడిచేవాడు, ఆయన వెనుక నడిచేవారు. తిరిగి ఎప్పుడు వస్తారని ఇంట్లో ఎవరూ అడిగేవారు కారు. ఆ జవాబు ఆయనకూ తెలియదు.

సంతకం పెట్టిన మనిషి ఆ వేళకు నిజంగా మేల్కొని ఉన్నాడా, అతని మనసు ఏ స్థితిలో ఉన్నది అని రాయడానికి కాల్‌బుక్కులో గడి ఉండేది కాదు. ఇప్పుడు ఆ గడిని నింపడానికి యంత్రాలు సిద్ధమవుతున్నాయి. నెత్తిన తీగలు అతికించి మెదడులోని విద్యుత్తును గీతలుగా రాయించి, ఆ గీతలను కృత్రిమ మేధకు అప్పగించి, మనిషి అలసటను, దిగులును, రాబోయే ప్రవర్తనను సైతం తెలుసుకోవచ్చునన్న ఆశతో ప్రపంచమంతటా పరిశోధనలు సాగుతున్నాయి. వాటిలో కొంత భాగం మా ఊళ్ళోనే, మా క్వార్టర్లకు సైకిలు మీద వెళ్ళగలిగే దూరంలో జరిగింది. నేను శాస్త్రజ్ఞుడిని కాను. ఒక డ్రైవరు కొడుకును, మరొక డ్రైవరు తమ్ముడిని. ఆ పాటి అధికారంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఊరి సంగతి తెలియని పాఠకుల కోసం కొంత చెప్పాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌లో ఆ కంపెనీ వర్క్‌షాపు వెలిసినప్పటి నుంచి నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు తండోపతండాలుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 1927లో ఇక్కడి కార్మికుల సమ్మెలకు నాయకత్వం వహించిన వి. వి. గిరిగారు తరువాత రాష్ట్రపతి అయ్యారు. గోల్ బజారులో ఈనాటికీ తెలుగులో బేరమాడి కూరలు కొనవచ్చు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినప్పుడు మా వీధిలో మిఠాయిలు పంచారు. భాష గురించి ఇంత చెప్పడానికి కారణం ఉన్నది. మనసును కొలిచే యంత్రానికీ భాషకూ దగ్గరి సంబంధమే ఉన్నది. దాని గురించి తరువాత చెబుతాను.

మా అన్నయ్య నాన్నగారి దారిలోనే ఇంజను ఎక్కాడు. అప్పటికి బొగ్గు ఇంజన్లు తగ్గి కరెంటు ఇంజన్లు వచ్చేశాయి. 1986 శీతకాలంలో ఒక రాత్రి అతడు నడుపుతున్న గూడ్సు బండికి ఎదురుగా ఒక స్త్రీ పట్టాల మధ్యకు వచ్చి నిలబడింది. హారను మోగించాడు, బ్రేకు వేశాడు. నిండు బరువుతో పోతున్న గూడ్సు బ్రేకు వేసినంత మాత్రాన ఆగదు, దాదాపు కిలోమీటరు దూరం పోతుంది. ఆ కిలోమీటరు పొడుగునా అన్నయ్య చేయగలిగినది ఏమీ లేదు. ఈ సంగతి అతడు నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ చాలా ఏళ్ళ తరువాత. “ఒరేయ్, ఆవిడ పక్కకు చూడలేదురా. నావైపే చూసింది” అన్నాడు. ఇంజను దీపపు వెలుతురులో ఎదుటి మనిషికి డ్రైవరు ముఖం కనిపించదు. అది అతనికీ తెలుసు.

కాగితాలు రాశారు, సంతకాలు అయినాయి, మళ్ళీ కాల్‌బుక్కు వచ్చింది. అన్నయ్య డ్యూటీకి వెళ్ళాడు. ఇంట్లో మాత్రం మనిషి మారాడు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికేవాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి కొళాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయేవాడు. గాలి సోకిందని పక్క క్వార్టరు పెద్దమ్మ తాయెత్తు తెచ్చింది. ఎదురింటి బెంగాలీ మాషీమా “మొన్ ఖారాప్” అని సానుభూతి చూపింది. అమ్మ మాత్రం ఒక్క మాట అన్నది: “పిల్లడు బెంగ పెట్టుకున్నాడు.”

ముప్ఫై ఏళ్ళు దాటిన మగవాడికి బెంగ ఏమిటని మేము నవ్వాము. మన భాషలో మనసు బాధకు పేర్లు తక్కువేమీ లేవు. దిగులు వేరు, చింత వేరు, విచారం వేరు, వెలితి వేరు. బెంగ వీటన్నిటికీ భిన్నమైనది. దూరమైన మనిషి కోసం పడేది బెంగ. తల్లి ఊరికి వెళితే పసిపిల్లలకు బెంగతో జ్వరం వస్తుంది, తల్లి రాగానే తగ్గిపోతుంది. పేరైనా తెలియని ఒక స్త్రీ కోసం, తన ముఖం చూడకుండానే తనవైపు చూసిన మనిషి కోసం, మా అన్నయ్య బెంగ పెట్టుకున్నాడని అమ్మ చెప్పినది ఎంత సరైన మాటో గ్రహించడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఏ వైద్యగ్రంథంలోని వ్యాధుల పట్టికలోనూ బెంగ అన్న పదం లేదు.

అన్నయ్య వైద్యుడి దగ్గరకు వెళ్ళలేదు. కారణం అజ్ఞానం కాదు, భయం. ఇంజను నడిపేవాడు వైద్యపరంగా ఏ-వన్ వర్గంలో ఉండాలి. ఆ వర్గం పోతే మనిషి ‘డీకేటగరైజ్’ అయ్యాడంటారు. వేరే ఏదో కుర్చీ పని చూపిస్తారు. నడిపిన కిలోమీటర్ల లెక్కన వచ్చే అలవెన్సు పోతుంది, దానితోపాటు కాలనీలో డ్రైవరుగారన్న మర్యాదా పోతుంది. ప్రయాణికుల క్షేమం దృష్ట్యా ఇటువంటి నియమం అవసరమే, నేను కాదనను. కాని ఆ నియమం నీడలో ఎందరు మనుషులు తమ నిద్రలేమిని కళ్ళద్దాల వెనుక దాచుకున్నారో లెక్క లేదు.

ఇక ఊరికి అవతలి వైపు కథ. హిజ్లీలో 1930లో బ్రిటిషు ప్రభుత్వం ఒక నిర్బంధ శిబిరం తెరిచి, రాజకీయ ఖైదీలను విచారణ లేకుండానే అందులో ఉంచింది. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసులు జరిపిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో ఆ భవనంలోనే దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ఆరంభమైంది. ఆ సంస్థ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విభాగంలో ఆచార్య అరవింద రౌత్రాయ్‌గారి బృందం డ్రైవర్ల అలసట మీద చాలా ఏళ్ళు పనిచేసింది. వాహనం నడిపేవారి మెదడు తరంగాలలో అలసట గుర్తులు ఎలా ఉంటాయో, దానిని ఒక అంకెగా ఎలా చెప్పవచ్చునో వివరిస్తూ వారి పత్రం 2010లో వెలువడింది. నెత్తిన తీగలతో బండి నడపడం సాధ్యమయ్యే పని కాదు గదా! 2013లో ప్రచురించిన మరొక పత్రంలో అదే బృందం కెమెరాను ఆశ్రయించింది. నిర్ణీత కాలంలో కనురెప్పలు ఎంతసేపు మూసి ఉన్నాయో లెక్కగట్టి, డ్రైవరు ఏమరుపాటును గుర్తించే పద్ధతి అది. చీకటిలో కంటికి కనిపించని పరారుణ కాంతి సాయంతో రాత్రివేళ కూడా ఇది పనిచేస్తుంది. ఆ పరిశోధన మోటారు వాహనాల డ్రైవర్లను ఉద్దేశించినది. అయినా డ్రైవర్ల ఊరిలో కనురెప్పల మీద పరిశోధన జరగడం నాకు ఎంతో ఉచితంగా తోచింది.

అలసటను ఇలా పట్టుకోగలగడానికి ప్రకృతిలోనే ఆధారం ఉన్నది. కళ్ళు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నప్పుడు సెకనుకు ఎనిమిది నుంచి పదమూడు సార్లు ఊగే తరంగాలు తల వెనుక భాగంలో బలంగా కనిపిస్తాయి. కునుకు ముంచుకు వస్తున్నకొద్దీ అవి సడలి, నాలుగు నుంచి ఏడుసార్లు ఊగే నెమ్మది తరంగాలు వాటి చోటు ఆక్రమిస్తాయి. ఈ విద్యుత్తు వోల్టులో లక్షవ వంతుల లెక్కలో ఉంటుంది. కునుకుకు ముఖం మీద సాక్ష్యం ఉన్నది, మెదడులో సాక్ష్యం ఉన్నది, ఆ రెంటినీ సరిపోల్చి యంత్రానికి నేర్పవచ్చు. దిగులు విషయం ఇలా కాదు.

ఈ తరంగాలను మనిషి తల మీద మొట్టమొదట నమోదు చేసినవాడు హాన్స్ బెర్గర్ అనే జర్మన్ మనోవైద్యుడు. యేనా నగరంలో 1924లో ఆ పని చేసి, అయిదేళ్ళపాటు తనను తానే అనుమానించుకుంటూ గడిపి, 1929లో లోకానికి వెల్లడించాడు. యవ్వనంలో సైన్యంలో ఉండగా అతడు గుర్రం మీద నుంచి పడి ఫిరంగి బండి చక్రాల కింద నలగబోయి బయటపడ్డాడు. అదే రోజున ఎక్కడో దూరాన ఉన్న అతని చెల్లికో అక్కకో కీడు శంకించి, తండ్రిచేత తంతి కొట్టించింది. మనసు శక్తి దూరాలు దాటుతుందని నమ్మి, దాని భౌతిక స్వరూపం వెతకడానికి బెర్గర్ జీవితం ధారపోశాడు. ఈ కథ నాకెంతో ఇష్టం. పూర్తిగా చెప్పాలంటే మిగిలినది అంత ఇష్టమైనది కాదు. నాజీ ప్రభుత్వం వారసత్వ ఆరోగ్య న్యాయస్థానాలు పెట్టి, మానసిక రోగులని ముద్రపడినవారికి బలవంతంగా సంతానం లేకుండా చేయించిన రోజులలో ఈయన ఆ న్యాయస్థానంలో సభ్యుడిగా కూర్చున్నాడు. చివరకు 1941లో తీవ్రమైన దిగులుతో తానే ప్రాణం తీసుకున్నాడు. అతడు కనిపెట్టిన యంత్రం అతని దిగులును ముందుగా ఎవరికీ చెప్పలేదు.

నా తలకూ ఒకసారి ఆ పరీక్ష జరిగింది. అన్నయ్య పోయిన సంవత్సరం అది. ఒకనాడు బజారులో కళ్ళు తిరిగి పడిపోతే మూర్ఛ ఏమైనా ఉన్నదేమోనని కలకత్తాలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. ముందురోజు తలంటుకుని రావాలి, నూనె రాసుకోకూడదు అన్నారు. తలకు కొబ్బరినూనె లేకుండా నేను గడప దాటింది ఆ ఒక్క రోజే. జిడ్డు ఉంటే తీగలు చర్మానికి అంటుకోవట. ఒక కుర్రవాడు టేపుతో నా తల కొలిచి, చల్లని లేపనం రాసి, ఇరవై దాకా బిళ్ళలు అతికించాడు. “చోఖ్ బొంధో కొరూన్” అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. అప్పుడు నాకు అన్నయ్య కొళాయి దగ్గర నిలబడి కనిపించాడు. కళ్ళు తెరవమన్నాడు, తెరిచాను. దీపం వేగంగా వెలిగించి ఆర్పారు. గాఢంగా ఊపిరి పీల్చమన్నారు. సాయంత్రానికి కాగితం చేతికి వచ్చింది. అంతా సాధారణ పరిమితులలోనే ఉన్నదని దాని సారాంశం.

ఆ నెలలో నేను ఒక పేజీ చదవలేకపోయాను. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చి, కాల్‌బాయ్ కోసం ఎదురుచూస్తున్నవాడిలా కూర్చునేవాడిని. కాల్‌బాయ్‌లు లేని కాలం వచ్చి చాలా రోజులైంది. వైద్యుడిది తప్పు లేదు. మూర్ఛ ఉన్నదా లేదా అని ఆయన అడిగాడు, యంత్రం లేదని సరైన జవాబు చెప్పింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

కృత్రిమ మేధ వచ్చింది గనుక, కంటికి కనిపించని సూక్ష్మమైన తేడాలను అది పట్టగలదు గదా అని మిత్రులు అంటారు. నిజమే కావచ్చు. కాని ఆ యంత్రానికి చదువు ఎలా చెబుతారో చూడాలి. వేలమంది మెదడు చిత్రాలు దాని ముందు పెడతారు. ఇతడు దిగులు గలవాడు, ఇతడు కాడు అని ఒక్కొక్క చిత్రానికీ చీటీ అంటిస్తారు. ఆ చీటీల ఆధారంగానే యంత్రం నేర్చుకుంటుంది. చీటీ ఎక్కడి నుంచి వస్తుంది? మనిషి చెప్పిన మాటల నుంచి. వైద్యుడు ప్రశ్నలు వేస్తాడు, రోగి జవాబులు చెబుతాడు. అంటే ఎంతటి ఖరీదైన యంత్రం వెనుక అయినా చివరకు ఉండేది ఒక మనిషి తన భాషలో తన బాధ చెప్పుకున్న ఘడియ. ఆ ఘడియలో మనిషి అబద్ధమాడితే యంత్రం అబద్ధమే నేర్చుకుంటుంది. “నిద్ర పడుతున్నదా?” అని ఎవరైనా అడిగి ఉంటే మా అన్నయ్య, ఏ-వన్ వర్గం గుర్తుకు వచ్చి, “బ్రహ్మాండంగా” అనేవాడు. ఆ చీటీ మీద ‘ఆరోగ్యవంతుడు’ అని పడేది.

భాష సంగతి కూడా ఇక్కడే. బెంగాలీ “మొన్ కేమొన్ కొరా” అంటాడు, తెలుగువాడు బెంగ అంటాడు. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నలలో ఈ రెంటికీ చోటు దొరకదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వయోజనులలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాలలో పశ్చిమ బెంగాల్ ఉన్నది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

యంత్రాల ప్రతిభ మీద కూడా అతిగా ఆశ పెట్టుకోనక్కరలేదు. జర్మనీలో మ్యున్‌స్టర్ పరిశోధకుల నాయకత్వాన జరిగి 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో, తీవ్రమైన దిగులు జబ్బు గలవారిని, లేనివారిని కలిపి 1801 మందిని తీసుకున్నారు. వారి మెదడు చిత్రాలను లక్షలాది రకాలుగా యంత్రాలచేత చదివించి చూశారు. ఎవరు రోగి, ఎవరు కాదు అని విడివిడిగా గుర్తించడంలో ఏ పద్ధతీ 62 శాతం దాటలేదు. బొమ్మా బొరుసూ వేసి చూసినా యాభై వస్తుంది. శాస్త్రజ్ఞులు తమ ఓటమిని ఇంత నిక్కచ్చిగా ప్రకటించడం చూసి నాకు వారి మీద గౌరవం పెరిగింది. ఆ యంత్రాలను సంచిలో వేసుకుని అమ్మకానికి తిరిగేవారికి కూడా ఆ నిజాయితీ ఉంటే బాగుండును.

అధికారంలో ఉన్నవారు ఇటువంటి కొలతను వాడదలచుకుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న మన దేశంలో ఒకసారి తలెత్తింది. నేర పరిశోధనలో అనుమానితుల మెదడు తరంగాలను చదివి, నేరం వారి జ్ఞాపకంలో ఉన్నదా అని తేల్చే పరీక్షలు కొన్నాళ్ళు నడిచాయి. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు చెబుతూ, మనిషి ఇష్టానికి వ్యతిరేకంగా ఈ పరీక్షలు చేయరాదని, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగ రక్షణ మెదడుకు కూడా వర్తిస్తుందని స్పష్టం చేసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. హిజ్లీ శిబిరపు పాత భవనం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఈ తీర్పు గుర్తుకు వస్తుంది. మనసులో ఉన్నదాన్ని బట్టి మనుషులను బంధించిన గోడలు గదా అవి. అయితే నేరస్థుడిగా అనుమానం పడినవాడికి దొరికిన ఈ రక్షణ, ఉద్యోగం నిలుపుకోవడానికి ‘ఇష్టపూర్వకంగా’ సంతకం చేసే మనిషికి ఎంతవరకు దొరుకుతుందన్నది నా సందేహం.

మా అన్నయ్య కొడుకు ఇప్పుడు లోకో పైలట్. డ్రైవరు అనే మాట పోయింది, కాల్‌బుక్కు పోయింది. డ్యూటీ కబురు ఫోనుకు వస్తుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు కంప్యూటరు మీద మానసిక సామర్థ్య పరీక్ష రాశాడు, ప్రతి భాగంలోనూ నలభై రెండు మార్కులైనా తప్పనిసరి. ఇంజనులో ఒక జాగరూకతా పరికరం ఉంటుంది. నిమిషంపాటు ఏ మీటనూ కదపకపోతే దీపం వెలుగుతుంది, ఆపైన గంట మోగుతుంది, అప్పటికీ బటను నొక్కకపోతే బ్రేకు దానంతట అదే పడుతుంది. ఇది చాలదని, కనురెప్పలను చూసే పరికరం కోసం నార్త్‌ఈస్ట్ ఫ్రాంటియర్ రైల్వేవారు ప్రయత్నాలు మొదలుపెట్టినట్లు 2023లో పత్రికలలో చదివాను. ఆ సంగతే వాడితో ఎత్తాను.

“ఆ బటను సంగతి మీకు తెలియదు చిన్నాన్నా” అని నవ్వాడు. “రెండేళ్ళు నడిపితే చెయ్యే నొక్కేస్తుంది. మనం ఎక్కడున్నా అది నొక్కుతూనే ఉంటుంది.”

“మరి మెదడును చదివే టోపీ ఇస్తే పెట్టుకుంటావా?”

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేసి, డ్యూటీ పది గంటలకు మించకూడదన్న హామీ తెచ్చుకున్న సంగతి తాత నోట విని ఉన్నాడు. “అలసిపోతున్నామని మా వాళ్ళు నోటితోనే చెప్పారు గదా చిన్నాన్నా, టోపీ లేకుండా. అయినా పెట్టుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ కాయితం ముందు నా చేతికి ఇస్తారో, తిన్నగా ఆఫీసు బల్ల మీదకు పోతుందో, అది చెప్పమనండి.”

2023 జూన్ 2న మా ఖరగ్‌పూర్ డివిజనులోనే బాహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగి 290 మందికి పైగా మరణించారు. సిగ్నలు వ్యవస్థలో పొరపాటు అది, డ్రైవరుది కాదు. శవాలను వెలికితీసిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంలో ఒక జవానుకు నీళ్ళు చూస్తే నెత్తురులా కనిపిస్తున్నదని, ఆ దళపు అధిపతే బహిరంగంగా చెప్పారు. వారందరికీ మానసిక వైద్యుల సలహా ఏర్పాటు చేశారు. ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు పత్రిక మడవలేదు. నీళ్ళ దగ్గర నిలబడిపోయిన మనిషిని నేను చూశాను గనుక. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరును ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వదినగారి వంటింటి తలుపుకు అతికించాను. అవతలివారు తెలుగులో మాట్లాడితే బెంగ అన్న మాటను అనువదించి చెప్పనక్కరలేదు.

మొన్న వాడు తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. వదిన టిఫిను డబ్బా అందుకుని, మూత తీయకుండానే చేతిలో ఒకసారి ఎత్తి చూసింది.

“తినలేదేం నాయనా?” అన్నది.

“ఆకలి లేదమ్మా” అన్నాడు.

ఆవిడ మరేమీ అడగకుండా పీట వాల్చి ఎదురుగా కూర్చున్నది. వాడు బూట్లు విప్పుతూ, ఒక బూటు చేతిలోనే ఉంచుకుని, బాలాసోర్ దగ్గర ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టాడు.